కుక్క కాటుకు సబ్బు నీళ్ళు

"కుక్క కాటుకు చెప్పుదెబ్బ" అన్న సామెతను పుట్టించింది ఎవరో గాని, ఆ మహానుభావుణ్ణి జన్మలో ఏ కుక్కా కరిచి వుండదు! కరిచి వుంటే చెప్పు కోసం వెతుక్కునే బదులు నీళ్ళ కోసం పరిగెత్తి వుండేవాడు. కాటు పడ్డచోట సబ్బు పెట్టి, పారే నీళ్ళ కింద పావుగంటసేపు కడగాలి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి సూది వేయించుకోవాలి. చెప్పుదెబ్బ వల్ల కుక్కకు కోపం, మనకు తృప్తి - ఈ రెండే లాభాలు.

అయినా ఆ సామెత మన నోళ్ళలోనే వుండిపోతే నాకు పేచీ లేదు. అది మెల్లగా పంచాయతీ ఆఫీసు గడప తొక్కింది. ఈ మధ్య ఎన్నికల వాగ్దానాల్లోకి కూడా ఎక్కి కూర్చుంది. అందుకే, నవలలు రాసుకుని బతికే దాన్ని, ఈ వారం కుక్కల తరఫున వకాల్తా పుచ్చుకున్నాను. కుక్కల తరఫున అన్నానా? కాదు, పిల్లల తరఫున. ఎలాగంటారా? చెబుతాను.

మాది ఖానాపూర్. గోదావరికి దగ్గర, అడవికి మరీ దగ్గర. ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లా. 2016లో నిర్మల్ జిల్లాలోకి వచ్చాం. 2018లో పంచాయతీ పోయి మునిసిపాలిటీ అయ్యాం. బోర్డులు మారాయి. కుక్కలకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. అవి పాతకాలపు అలవాటు ప్రకారం చికెన్ దుకాణం వెనకా, చెత్తకుప్ప పక్కనా, బస్టాండు నీడనా కాపురాలు చేసుకుంటూనే వున్నాయి.

మా వాడకట్టులో ఇరవై కుక్కలున్నాయి. నేనూ, మరో ఇద్దరు ఆడవాళ్ళూ, కాలేజీ చదువుకునే ఒక పిల్లవాడూ కలిసి వాటి మంచిచెడ్డలు చూస్తూంటాం. ఇదేదో గొప్ప సేవ అనుకునేరు! నూకలు వుడకబెట్టి, రెండు గుడ్లు చితక్కొట్టి కలిపి, తెల్లవారుజామున ఇళ్ళకు దూరంగా వున్న పాత గోడ దగ్గర పెట్టడం. అవి తింటూంటే ఏది తింటోంది, ఏది తినడం లేదు, ఏది కుంటుతోంది, దేని వీపు మీద వెంట్రుకలు రాలుతున్నాయి అని చూడడం. తినగానే ఎంగిలి ఎత్తి నేల కడగడం. ఎండాకాలంలో సిమెంటు తొట్టిలో పొద్దునా సాయంత్రం నీళ్ళు మార్చడం. పుండులో పురుగు పడితే పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తడం. కొత్త కుక్క ఏది వచ్చినా నోటుబుక్కులో రాసుకోవడం: రంగు, ఆడా మగా, సూది పడిందా లేదా. మొత్తం మీద ఇది పూజా కాదు, పుణ్యమూ కాదు. అంట్లు తోముకోవడం లాంటి పని. రోజూ చేస్తే ఎవరికీ కనిపించదు. రెండు రోజులు మానేస్తే వూరంతా కంపు కొడుతుంది.

"ఏందక్కా, కథలు రాసుడు బందు వెట్టి కుక్కలకు బువ్వ వెడ్తున్నవా?" అని మొన్న పాలు పోసే తమ్ముడు నవ్వాడు.

"బువ్వ వెట్టకపోతే అవి దగ్గరికి రావు. దగ్గరికి రాకపోతే సూది ఎట్ల ఏస్తరు తమ్మీ?" అన్నాను.

అతను కాసేపు ఆలోచించి, "గట్లనా!" అన్నాడు. నా వాదన మొత్తం ఆ ఒక్క మాటలో వుంది. మిగిలిందంతా దానికి వ్యాఖ్యానమే.

ముందు జబ్బు సంగతి చూద్దాం. పిచ్చికుక్క జబ్బు, అంటే రేబీస్, కాటు పడ్డచోటి నుంచి నరాల వెంట మెదడుకు పాకుతుంది. సాధారణంగా దానికి కొన్ని వారాలు, ఒక్కొక్కసారి నెలలు పడుతుంది. ఆ గడువే మనకు దొరికిన వరం. ఆలోగా మందు పడితే మనిషి బతుకుతాడు. నీళ్ళు చూస్తేనే గొంతు బిగుసుకుపోయే దశ వచ్చాక బతికిన వాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. 1885లో పారిస్‌లో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ళ కుర్రవాడికి మొదటిసారి ఈ టీకా వేసిననాటి నుంచి, ఇది చావనక్కర్లేని చావుగా మారింది. మన దేశంలో బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిపించుకున్న తరం ఇంకా మన ఇళ్ళలో వుంది. మా నాయనమ్మ ఆ పద్నాలుగు సూదుల కథ చెబితే మేం కుక్కకన్నా కాంపౌండరుకే ఎక్కువ భయపడేవాళ్ళం. ఆ పాత మందు తయారీ 2005 నాటికి దేశంలో ఆగిపోయింది. ఇప్పుడు నెల రోజుల్లో నాలుగైదుసార్లు చేతికి వేస్తారు. గాయం లోతైతే దాని చుట్టూ మరో మందు కూడా వేస్తారు. అంతే.

మనుషులకు వచ్చే రేబీసులో నూటికి తొంభైతొమ్మిది కేసులు కుక్కల వల్లే వస్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ మాట వినగానే "చూశారా, అందుకే చంపేయమంటున్నాం" అని లేస్తారు కొందరు. కూర్చోండి! అదే సంస్థ రెండో మాట కూడా చెప్పింది. ఒకచోట వున్న కుక్కల్లో నూటికి డెబ్భైకి టీకా వేసి, ఆ లెక్క తగ్గకుండా చూసుకుంటే ఆ జబ్బు అక్కడ పాకడం ఆగిపోతుంది. అంటే మా వాడలో ఇరవైకి పద్నాలుగు. పూర్వం ఒక్క మనిషి పొట్టలో దిగిన సూదులు పద్నాలుగు. ఇప్పుడు కుక్కకు ఏడాదికి ఒకటి చొప్పున పద్నాలుగు సూదులు వేస్తే వాడకట్టు మొత్తానికి కంచె కట్టినట్టే. ఏది చవక? ఏది సుఖం? లెక్కలు రాని బి.ఏ. దాన్ని, నాకే తెలుస్తోంది!

ఇక చంపేద్దాం అనే వాళ్ళ సంగతి. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో ముసుగులు వేసుకుని వచ్చి రాత్రికి రాత్రి ఇరవై కుక్కల్ని తుపాకులతో కాల్చి పోయారు. 2025 డిసెంబరులో రాష్ట్రంలో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. మరుసటి నెలలోనే హనుమకొండ జిల్లా శాయంపేట, ఆరెపల్లి గ్రామాల్లో వందలకొద్దీ కుక్కల్ని విషంతో చంపించారన్న ఫిర్యాదుల మీద పోలీసు కేసులు నమోదయ్యాయి. కుక్కల బెడద తీరుస్తామన్న ఎన్నికల హామీని ఇలా చెల్లించుకున్నారని పత్రికలు రాశాయి. రోడ్డు వేస్తామన్న హామీ, నీళ్ళు ఇస్తామన్న హామీ అయిదేళ్ళకూ నెరవేరవు గాని, ఈ హామీ ఎంత తొందరగా నెరవేరిందో చూశారా!

పాపం, చట్టం, ఇవి కాసేపు పక్కన పెడదాం. చంపితే తగ్గుతాయా? అది చెప్పండి. మద్రాసు నగరంలో కార్పొరేషన్ వాళ్ళు తరాల తరబడి కుక్కల్ని పట్టి చంపారు. ఏళ్ళు గడిచిన కొద్దీ చంపాల్సినవి పెరిగాయే తప్ప తరగలేదు. అక్కడి బ్లూ క్రాస్ వాళ్ళు, చంపడం కాదు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్నచోటే వదలాలని 1964 నుంచి మొత్తుకుంటే, కార్పొరేషన్ ఆ దారికి వచ్చింది 1996లో. కేంద్ర ప్రభుత్వం దాన్ని నియమాలుగా చేసింది 2001లో, వాటిని మళ్ళీ సవరించి రాసింది 2023లో.

ఎందుకు తగ్గవు? కుక్కను పోషించేది నేను పెట్టే నూకలు కాదు, వూరు పారేసే చెత్త. కుక్క పోయినా చెత్తకుప్ప అక్కడే వుంటుంది. ఖాళీ అయిన జాగాలోకి పక్క వీధివి వస్తాయి. చంపగా మిగిలినవి ఈనుతాయి. రెండు నెలలకు ఈత, ఈతకు అయిదారు పిల్లలు. పైగా విషం తిని చచ్చేవి ఏవనుకున్నారు? మనిషి చేతిలో ముద్ద చూసి నమ్మి వచ్చేవి. అంటే సూది వేయించుకున్నవి! నమ్మని కుక్క, సూది పడని కుక్క, పొదల్లో దాక్కుని బతికిపోతుంది. మంచివాటిని చంపి మొండివాటిని మిగుల్చుకోవడం అన్నమాట.

ఇది నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. నిరుడు ఎండాకాలంలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఎవరో కోడిమాంసంలో ఏదో కలిపి పెట్టారు. తెల్లవారేసరికి అయిదు కుక్కలు నురగలు కక్కి పడి వున్నాయి. నాలుగింటి చెవులకు గాట్లున్నాయి. ఆపరేషనూ టీకా అయిన కుక్కకు చెవి చివర గుర్తుగా పెట్టే గాటు అది. వాటిని మోటారుసైకిలు మీద, ఆటోలో, ఎంత అవస్థపడి తీసుకెళ్ళి చేయించామో మాకు తెలుసు. పదిహేను రోజులు తిరక్కుండా ఆ వీధిలోకి ఎన్నడూ చూడని రెండు కుక్కలు దిగాయి. ఒకటి ఏడేళ్ళ పాపను పిక్క మీద కరిచింది. మేం వెళ్ళేసరికి ఆ తల్లి గాయానికి కారం, సున్నం అద్దుతోంది. పాప కేకలు వీధి చివరికి వినిపిస్తున్నాయి. "చిన్నమ్మా, గది తీసెయ్, సబ్బు తే" అని ఆ కాలేజీ పిల్లవాడే కాలు కుళాయి కింద పెట్టి కడిగాడు. అటునుంచి అటే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. పాప బాగుంది, బడికి పోతోంది. కానీ చెప్పండి, ఆ పాపకు ఆ కాటు వేసింది కుక్క ఒక్కటేనా? విషం కలిపిన చేతికి అందులో భాగం లేదా?

"కుక్క ఎక్కువా, పిల్ల ఎక్కువా?" అని నన్ను చాలామంది నిలదీస్తారు. పిల్లే ఎక్కువ. ఇందులో తర్కమే లేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాణ్ణి కుక్కలు చంపిన దృశ్యం చూసి నేను రెండు రోజులు అన్నం తినలేకపోయాను. ఆ తల్లి ముందు నిలబడి జంతుప్రేమ గురించి ఉపన్యసించే ధైర్యం నాకు లేదు, ఎవరికీ వుండకూడదు. అయితే, ఆ తల్లి పేరు చెప్పి చేసే పని రేపు మరో తల్లికి అదే దుఃఖం తెచ్చిపెట్టేది కాకూడదు కదా! కోపం తీర్చుకోవడం వేరు, బెడద తీర్చడం వేరు. చెప్పుదెబ్బ మొదటిదానికే పనికొస్తుంది.

రెండో రకం వాళ్ళు చంపమనరు, కాస్త సున్నితులు. "ఎక్కడికైనా తోలేయండి" అంటారు. ఎక్కడికి? 1910లో ఇస్తాంబుల్ నగరంవాళ్ళు వేలకువేల కుక్కల్ని పడవలకెక్కించి సముద్రంలో ఒక మొండి దీవి మీద వదిలేశారు. తిండీ నీళ్ళూ లేక అవి ఒకదాన్నొకటి పీక్కుతిన్నాయి. నగరంలో కుక్కలు మళ్ళీ పుట్టుకొచ్చాయి. మా ఖానాపూర్ వాళ్ళకు దీవి లేదు గాని అడవి వుంది. "జంగల్ల ఇడిసిపెట్టు" అని సులువుగా అనేస్తారు. ఆ జంగల్ 2012లో ప్రకటించిన కవ్వాల్ పులుల అభయారణ్యం! ఆకలిగొన్న కుక్కల గుంపు దుప్పి పిల్లల్ని తరుముతుంది. ఆఫ్రికాలో సెరెంగెటి అడవిలో 1994లో వూరకుక్కల డిస్టెంపర్ జబ్బు సోకి సింహాల్లో మూడో వంతు చచ్చిపోయాయి. పులికి కొత్త జబ్బు అంటించి రావడానికా మనం కుక్కను అడవికి పంపేది?

ఒకదాన్ని తీసేస్తే ఇంకొకటి ఎలా పెరుగుతుందో మా జిల్లాల వాళ్ళకు ఒకరు చెప్పాలా? రాబందులు ఏమయ్యాయి? పశువుల నొప్పులకు వేసిన డైక్లోఫెనాక్ మందు, చచ్చిన పశువుల మాంసం ద్వారా వాటి కడుపులోకి వెళ్ళి, దేశంలో రాబందుల జాతిని తుడిచిపెట్టినంత పని చేసింది. 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు. బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద 2013లో రాబందులు కనబడితే అదొక పండగ అయింది. అవి లేని వూళ్ళలో కళేబరాలు ఎవరి పాలయ్యాయి? కుక్కల పాలే. కుక్కలు పెరగడంలో మన చేయి ఎంత వుందో ఇప్పుడు లెక్కేసుకోండి.

మరి మూడో రకం వాళ్ళున్నారు. వీళ్ళు నావైపు వాళ్ళే అనుకుంటారు, అందుకని వీళ్ళతోనే నాకు ఎక్కువ గొడవ! నల్లకుక్కకు రొట్టె పెడితే శనిదోషం పోతుందని జ్యోతిష్కుడు చెబితే, శనివారం పొద్దున్నే బడి గేటు ముందు పది రొట్టెలు విసిరి స్కూటరెక్కి వెళ్ళిపోతారు. శని పోయిందో లేదో తెలీదు గాని, ఆ రొట్టెల కోసం అయిదు కుక్కలు కాట్లాడుకుంటూంటే అదే దారిన పసిపిల్లలు బడికి రావాలి. మరి కొందరు సాయంత్రం షికారుకొచ్చి బిస్కట్ ప్యాకెట్టు విప్పి, ఫొటో తీసుకుని వెళ్తారు. ఆ కుక్కకు సూది పడిందా, అది ఎన్ని ఈతలు ఈనింది అని అడిగితే, "పాపం, మూగజీవి అండీ" అంటారు. మూగజీవే, అందుకే అడగవలసిన బాధ్యత మనది! పిల్లలు తిరిగేచోటా, ఇళ్ళ గుమ్మాల్లోనూ కాకుండా, తిండి పెట్టే చోటు వేరుగా వుండాలని 2023 నియమాలు చెబుతున్నాయి. 2025 ఆగస్టులో ఢిల్లీ కుక్కలన్నిటినీ షెడ్లలో పెట్టాలన్న తన ఉత్తర్వును సుప్రీం కోర్టు పదకొండు రోజుల్లోనే సవరించింది కదా, అప్పుడు కూడా వీధుల్లో ఎక్కడపడితే అక్కడ తిండి పెట్టవద్దు, చోటు కేటాయించి పెట్టించండి అనే చెప్పింది. ఆ నవంబరులో బళ్ళు, ఆసుపత్రులు, బస్టాండ్లలోంచి కుక్కల్ని తీసేయమని కూడా అంది. ఈ తీర్పుల మీద ఎవరి అభిప్రాయం వాళ్ళది. సూదీ ఆపరేషనూ లేకుండా ఒట్టి రొట్టె పెట్టడం దయ కాదని మాత్రం నేను ఏ కోర్టులోనైనా చెబుతాను.

దయ, దయ అంటూ అందరూ ధర్మరాజు కుక్కను లాక్కొస్తారు. ఆ కుక్కను వదిలి స్వర్గానికి రానన్నాడు ఆయన, నిజమే. కానీ భారతం మొదట్లోనే ఇంకో కుక్క వుంది, దాన్ని ఎవరూ తలచుకోరు. సరమ అనే దేవశునకం. తన కొడుకు ఏ తప్పూ చేయకుండానే జనమేజయుడి తమ్ముళ్ళు వాణ్ణి కొట్టారని రాజు దగ్గరికే వెళ్ళి నిలదీసింది. నన్నయగారి భారతంలో చదివినప్పుడు నాకు ధర్మరాజు కుక్కకన్నా సరమే ఎక్కువ నచ్చింది. ఆమె దయ అడగలేదు, న్యాయం అడిగింది. నేనూ దయ అడగడం లేదు.

ఏం అడుగుతున్నానంటే, వీధి దీపాల్లాగా, మురుగు కాలవల్లాగా, ఇది కూడా వూరి పని అని ఒప్పుకోమంటున్నాను. గ్రీసు దేశపు దీవులున్నాయి కదా, వేసవిలో యాత్రికులు ముద్దు చేసి పోతే, చలికాలం ఆకలితో మాడే కుక్కల భారం అక్కడి నలుగురు ఆడవాళ్ళ మీదా, వచ్చిపోయే స్వచ్ఛంద సేవకుల మీదా పడుతూ వచ్చింది. ఆ దేశం 2021లో చట్టం చేసి, వీధి కుక్కల బాధ్యత మునిసిపాలిటీలదని తేల్చి చెప్పింది. పెంచుకునే కుక్కకు ఆపరేషన్ చేయించాలి, లేదా దాని డి.ఎన్.ఏ. నమూనా ఇవ్వాలి, మళ్ళీ రోడ్డున పారేస్తే ఎవరిదో తెలిసేట్టు. ఏజియన్ సముద్రం ఒడ్డున అయ్యే పని గోదావరి ఒడ్డున కాదా?

కాదనడానికి వీల్లేదు. ఎందుకంటే కోతుల విషయంలో మన జిల్లా ఆ పని చేసి చూపించింది! నిర్మల్ దగ్గర గండి రామన్న అడవిలో 2020 డిసెంబరులో కోతుల సంరక్షణ కేంద్రం తెరిచారు. పట్టడం, ఆపరేషన్ చేయడం, అడవిలో వదలడం. కోతికి చేసిన ఆలోచన కుక్కకు ఎందుకు చేయం? కోతి హనుమంతుడి జాతి అనా? అలా అయితే కుక్క కాలభైరవుడి వాహనం. మా వైపు ఒగ్గుకథలు చెప్పే వాళ్ళ మల్లన్న వెంట నడిచేదీ కుక్కే. దేవుళ్ళ లెక్కన చూసినా మన కేసు బలంగానే వుంది.

ఒకప్పుడు మనుషులకు ఎర్ర త్రికోణం బొమ్మ గోడ గోడకూ వేసి, ఆశా కార్యకర్తలు లేని రోజుల్లోనే ఇంటింటికీ తిరిగి ఆపరేషన్లు చేయించిన దేశం మనది. మాట వినని మనుషుల చేతే చేయించారు. రెండు ముద్దలు పెడితే వెంట వచ్చే కుక్కకు చేయించలేరా? వాటిని పట్టుకునే మనుషులను నెల జీతాలిచ్చి ఎక్కడి నుంచో తేవక్కర్లేదు. రోజూ తిండి పెట్టే వాళ్ళున్నారు, వాళ్ళ చేతికి వచ్చే కుక్కలున్నాయి. కావాల్సింది బండీ, డాక్టరూ, ఆపరేషనుకు ఒక గదీ, మూతపడే చెత్త డబ్బాలూ, బడిలో పిల్లలకు సబ్బు నీళ్ళ పాఠమూ.

రేపు ఎప్పుడైనా మీ గుమ్మంలోకి ఓటుకోసం వచ్చినవాడు చేతులు జోడించి, "అక్కా, కుక్కల బాధ లేకుండా చేస్తా" అన్నాడనుకోండి. మురిసిపోకండి. "ఎన్నిటిని చంపిస్తవ్ తమ్మీ?" అని అసలే అడగకండి. "ఎన్ని చెవులకు గాటు వెట్టిస్తవ్? ఏ తారీఖు లోపల? కాయితం మీద రాసియ్యి" అని అడగండి. నీళ్ళు నమిలితే ఓటు మాట తర్వాత చూద్దాం అనండి. కుక్క ఓటు వేయలేదు గాని, కుక్క కరిస్తే ఏడ్చేది ఓటున్న తల్లే కదా!